కిటికీ వైపు చెంప

మందుల దుకాణంలో ఒక మూల, గాజు అరల వెనక, అందరూ చిన్నది అని పిలిచే ఆమె నిలబడే చోటికి ఎండ రాదు. పొద్దున్న ఎండ ముదరకముందే ఆమె లోపలికి వస్తుంది, వీధిదీపాలు వెలిగాక బయటికి వెళుతుంది. మధ్యలో ఉన్నదంతా గొట్టపు దీపాల వెలుగే. ఆ వెలుగులో ఆమె మొహం కడిగి బోర్లించిన పింగాణీ పళ్లెంలా ఉంటుంది, ఎక్కడా ఒక్క మరక కనపడదు. మచ్చలకి సీరం కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ చివరికి అడిగేది ఒకటే, మీరేం వాడతారండీ అని. చిన్నది నోరు తెరిచేలోపే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానురాలు, ఇంకేముందండీ, మన దగ్గరున్నవేగా అనేస్తుంది. ఆ మాట అనడంలో ఆవిడ ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. నిజానికి చిన్నది వాడేది సబ్బూ నీళ్లూ. ఆ సంగతి పైకి చెబితే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి కాబట్టి నవ్వి ఊరుకుంటుంది.

ఆరోజు ఒక టీచరమ్మకి, రెండు సీరాలు ఒకేసారి పట్టిస్తే మొహం మండుతుందని, పొద్దున్న ఒకటీ రాత్రికి ఒకటీ అని ఓపికగా చెబుతూ ఉండగా తలుపు తెరుచుకుంది. నీలం చొక్కా, భుజాన సంచీ, చేతిలో నల్లకళ్లద్దాలతో చిన్నదాని అక్క లోపలికి వచ్చింది. అక్కంటే ఎన్నో ఏళ్ల తేడా ఏమీ లేదు. ఇద్దరూ కవలలు. పావుగంట ముందు పుట్టిన పాపానికి ఆవిడ పెద్దదయింది, ఈవిడ చిన్నదయింది. నలభై దాటినా ఇంట్లోనూ వీధిలోనూ ఆ పిలుపులే ఉండిపోయాయి. పెద్దది కొండ మీది ఊళ్లకి బస్సు నడుపుతుంది. చెల్లెలి దుకాణానికి రావలసిన అవసరం ఇంతకాలం ఆవిడకి పడలేదు.

టీచరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. సీసా సంగతి మర్చిపోయి ఓ పక్కకి జరిగి నిలబడింది. అప్పనంగా దొరికిన వినోదాన్ని వదులుకునేవాళ్లు లోకంలో తక్కువ.

"ఒసే చిన్నదీ, దీనికేమైనా మందుందా?" అంటూ పెద్దది తల పక్కకి తిప్పి చెంప చూపించింది.

రోజూ చూసే చెంపే. చూసి చూసి, చూడటం మానేసిన చెంప. ఆ తెల్లటి వెలుగులో మాత్రం చిన్నదానికి కొత్తగా కనిపించింది. ప్రయాణికుల వైపు ఉండే చెంప అచ్చం తనదే. కిటికీ వైపు చెంప మరెవరిదో. కణత నుంచి దవడ దాకా గోధుమరంగు మచ్చలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కంటి చివర చింతగింజంత మచ్చ ఒకటి మిగతావాటి మీద పెత్తనం చేస్తున్నట్టు నల్లగా మెరుస్తోంది. సగం మొహం చెల్లెలిదీ, సగం మొహం రోడ్డుదీ.

సంగతేమిటంటే, బస్సు కంపెనీ వాళ్లు కొత్త బస్సుల వెనక తమ డ్రైవరు బొమ్మ ఒకటి పెద్దగా వేయించాలనుకున్నారు. కొండదారిలో ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదం కూడా చెయ్యని మనిషి కాబట్టి పెద్దదాన్ని ఎంచారు. ఫోటోగ్రాఫరు వచ్చి తీశాడు. డిపో మేనేజరు ఆ ఫోటో చూసి పెదవి విరిచాడు. తలుపంత సైజులో వేస్తే ఒక్కో మచ్చా అరచెయ్యంత అవుతుందమ్మా, జనం మన బస్సు వెనక చర్మం డాక్టరు బోర్డు అనుకుంటారు అన్నాడట. గురువారం మళ్లీ తీయిస్తాను, ఈలోపు ఏమైనా రాసుకుని రా అన్నాడట. పెద్దది ఇదంతా నవ్వుతూనే చెప్పింది, కానీ చెబుతున్నంతసేపూ కళ్లద్దాల కాడని మడుస్తూ తెరుస్తూ ఉంది.

"గురువారానికా? ఇది గోడకి సున్నమా అక్కా, రాత్రి వేస్తే తెల్లారేసరికి తెల్లబడటానికి? ఇక్కడున్న ఏ సీసా అయినా నెలలు పడుతుంది."

"నెలలే పట్టనీ. ముందు చూపించు. ఫోటో పోతే పోయింది, చెంప ఉంది కదా."

చిన్నది సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. అవతల ఉన్నది అక్క కాబట్టి, చాలాకాలానికి ఎవరికీ ఏదీ అంటగట్టకుండా మాట్లాడింది. విటమిన్ సి మంచిదే, పొద్దున్న రాసుకోవాలి, కానీ బస్సులో పెడితే ఆ వేడికి రంగు మారి పాడైపోతుంది, ఇంట్లోనే ఉంచాలి. రెటినాల్ నీకు వద్దు, అది వాడితే చర్మం ఎండకి ఇంకా బెదురుతుంది, నువ్వేమో రోజంతా ఎండలోనే ఉంటావు. ఈ అజిలాయిక్ యాసిడ్ రాత్రికి పరవాలేదు, మొదట్లో కాస్త చిమచిమలాడుతుంది. అన్నిటికంటే ముందు ఎండ తగలకుండా రాసుకునే క్రీము. అది లేకుండా ఇవన్నీ చిల్లుకుండలో నీళ్లు. కిటికీ అద్దం మూసే ఉంటుందిగా అంది పెద్దది. అద్దం గాలిని ఆపుతుంది కానీ మచ్చలు తెచ్చే ఎండని పూర్తిగా ఆపదని చిన్నది చెప్పింది. కంటి చివర మచ్చని దగ్గరగా చూసి, దీన్ని డాక్టరుకి చూపించావా అని అడిగింది. మొన్న కంపెనీ పరీక్షల్లో చూపించానని, ఉత్త ఎండ మచ్చే అన్నారని పెద్దది చెప్పింది. ఇవి ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుందా అని కూడా అడిగింది.

"ఏమో. నాకు చుట్టూ అద్దాలే కానీ వాటిలో రోడ్డు తప్ప నా మొహం కనపడదే."

దుకాణంలో ఒక యంత్రం ఉంది. గడ్డం ఆనించడానికి చిన్న పీట, తల మీద కప్పే నల్లగుడ్డ, లోపల ఊదారంగు దీపం. పైకి ఇంకా తేలని మచ్చల్ని కూడా అది పట్టుకుని తెర మీద చూపిస్తుంది. యజమానురాలు దాన్ని తెప్పించిందే కొనేవాళ్లని హడలగొట్టడానికి. చిన్నది ఎన్నో మొహాల్ని అందులో పెట్టింది. తెర చూసి వాళ్ల గుండె జారడం, వెంటనే చెయ్యి సీసా మీద పడటం ఆమెకి అలవాటే. అక్కని కూర్చోబెట్టి గుడ్డ కప్పి మీట నొక్కింది.

తెర మీద మొదట ప్రయాణికుల వైపు చెంప వచ్చింది. అక్కడక్కడ ఒకటీ అరా తప్ప ఏమీ లేదు. తర్వాత కిటికీ వైపు చెంప వచ్చింది. చిన్నది మీట మీది చెయ్యి తీయడం మర్చిపోయింది. పైకి కనిపించేవి ఏపాటి. ఎండిన దుమ్ము మీద వాన మొదటి చినుకులు పడ్డట్టు చెంప నిండా, నుదుటి నిండా, చెవి దాకా, మెడ మీదికి కూడా చుక్కలే. ఒక్కో చోట చుక్కలు కలిసిపోయి మేఘాలు కట్టాయి. కంటి పక్కన మాత్రం సన్నటి తెల్లగీతలు కొన్ని, ఏ చుక్కా లేకుండా శుభ్రంగా ఉన్నాయి. అవేమిటో ఆమెకి కాసేపటికి గాని తట్టలేదు. ఎండకి ఎదురుగా కళ్లు చికిలించినప్పుడు ముడత లోపల దాక్కున్న చర్మం అది. ఎన్ని ఉదయాలు, ఎన్ని మలుపులు అలా చికిలిస్తే ఆ గీతలు అంత స్పష్టంగా మిగులుతాయి. చిన్నదానికి ఒళ్లు జలదరించింది. జాలి అనుకుంది ముందు. జాలి కాదు అది. పెద్ద కొండ కిందికి వెళ్లి తలెత్తి చూసినప్పుడు కాళ్లలోకి వచ్చే వణుకు లాంటిది.

పెద్దది గుడ్డ తీసి తెర చూసింది. "ఓసి నీ దుంపతెగ, ఇది నా మొహమా, మా రూటు మ్యాపా?" అంది.

టీచరమ్మ పకపకా నవ్వింది. యజమానురాలు మాత్రం నవ్వలేదు. ఆవిడ మనసు అప్పటికే పనిలో పడింది. చిన్నదాన్ని కూడా బలవంతంగా ఆ పీట ముందు కూర్చోబెట్టి ఒక ఫోటో తీయించింది. సాయంత్రానికల్లా రెండు మొహాలూ అచ్చువేసి గాజు అర మీద పక్కపక్కన అతికించింది. ఒకదాని కింద వాడకముందు అని, రెండోదాని కింద వాడిన తర్వాత అని. వీళ్లిద్దరూ వేరు మనుషులు కదా మేడమ్ అని చిన్నది నసిగింది. మొహం ఒక్కటేగా, అందులో తప్పేముంది అంది ఆవిడ.

*

మొహం ఒక్కటేగా అన్న ముక్క డిపోకి కూడా చేరింది. దాన్ని మోసుకుపోయింది పెద్దదే. మర్నాడు మేనేజరు, ఏమైనా రాసుకున్నావా అమ్మా అని అడిగితే ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "మచ్చల్లేని నా మొహం మా చెల్లెలి దగ్గరుంది సార్, వెళ్లి తెచ్చుకోండి" అంది. వెటకారంగా అన్న మాట అది. కానీ మేనేజరుకి వెటకారం అర్థం కాదు, సౌకర్యం అర్థమవుతుంది. కవలలా అని అడిగాడు. సాయంత్రం స్వయంగా మందుల దుకాణానికి వచ్చాడు. గాజు అర మీద రెండు బొమ్మలూ చూసి, తనకి కావలసిన పని వేరేవాళ్లు ముందే చేసిపెట్టినంత సంతోషపడ్డాడు. గురువారం ఒక్కపూట మీరు చొక్కా వేసుకుని సీటులో కూర్చుంటే చాలమ్మా, కింద పేరు మీ అక్కగారిదే ఉంటుంది అన్నాడు.

కాదనవలసిన మాట చిన్నదాని గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పుకోవడానికి ఆమెకి సిగ్గుగా ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆమె ఇతరుల మొహాలు చూస్తుంది. ఆమె మొహం చూసేవాళ్లంతా ఏం వాడుతుందో కనిపెట్టడానికే చూస్తారు. అలాంటి మొహం తలుపంత సైజులో ఊరంతా తిరుగుతుందంటే, ఎండ అంటేనే తెలియని మనిషి ఎండలో ఊరేగుతుందంటే, కాదనడానికి మనసు రాలేదు. అక్కనడిగి చెబుతానండీ అంది.

అక్క అన్నం తింటూ విని, మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుంది.

"కూర్చోవే. బొమ్మ ఎవరిదైతేనేం, బండి నాదేగా. నేనే కదా సలహా ఇచ్చింది, నోరు జారాక ఏం చేస్తాం."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది అనిపించింది చిన్నదానికి. పెద్దది లేచి వెళ్లి బీరువాలోంచి కొత్త చొక్కా తీసింది. మొదటి ఫోటోకని తనకోసం కుట్టించుకున్నది అది. జేబు మీద కంపెనీ గుర్తు, భుజాల మీద పట్టీలు. ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా ఆగి, నీళ్లు చిలకరించి, కాలరు దగ్గర రెండుసార్లు ఒత్తి మరీ ఇస్త్రీ చేసింది. చేసి చెల్లెలి మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

*

గురువారం పొద్దున్న అద్దం ముందు చొక్కా తొడుక్కుంటే భుజాల దగ్గర వదులయింది. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే నడుము, కానీ స్టీరింగు తిప్పిన భుజాలు వేరు, సీసాలు సర్దిన భుజాలు వేరు. పెద్దది పళ్ల మధ్య పిన్నీసులు పట్టుకుని, చొక్కాని వీపు వెనక మడిచి గుచ్చింది. ముందు నుంచి చూస్తే చక్కగా అతికినట్టుంది. వెనక నుంచి చూస్తే ముళ్లపంది. అటు తిరగకు, అంతే అంది పెద్దది. తను రోజూ వేసుకునే పాతచొక్కాలోనే బయల్దేరింది.

చిన్నది ఆ కొండదారిన అంతకుముందు ఎప్పుడూ పోలేదు. కొండ మీద ఆమెకేం పని? దూరపు కొండలు నునుపు అన్నట్టు, డాబా మీద నుంచి నీలంగా కనిపిస్తే చాలనుకుంది. డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. పక్కన ఫోటోగ్రాఫరు, వెనక సంతకి వెళ్లి వచ్చేవాళ్లూ, కాలేజీ పిల్లలూ, మూటలూ.

ఊరు దాటాక మొదటి మలుపు వచ్చింది. రోడ్డు ఒక్కసారిగా తనమీదికి తనే మడుచుకుంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు, గాలి. పెద్దది మలుపుకి చాలా ముందే గేరు తగ్గించి, ఒక్క చిన్న హారను కొట్టి, సీటులో కొంచెం ముందుకి జరిగింది. చేతులు తొందరపడలేదు. అంత పొడుగు బస్సు ముక్కు ముందు లోయ మీదికి పోయింది, చిన్నదానికి అద్దంలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇదిగో అయిపోయాం అనుకునేలోపు చక్రం మెత్తగా తిరిగింది, రోడ్డు ఎక్కడి నుంచో వచ్చి మళ్లీ ఎదురుగా నిలబడింది. వెనక ఎవరూ మాటలు ఆపలేదు. ఒక పిల్లాడు నిద్రలోంచి లేవనైనా లేదు. ఇంట్లో అన్నం గిన్నె దించడానికి మసిగుడ్డ వెతుక్కునే అక్క ఇంతమంది ప్రాణాలు ఇలా చేతుల్లో పెట్టుకుని రోజూ వెళ్లి వస్తోందా అని చిన్నది నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంది.

ఎండ ఆ కిటికీ దగ్గరే కాపు కాసింది. మలుపు తిరిగితే కాసేపు పోయి, మళ్లీ మలుపు తిరగ్గానే వచ్చి అక్క చెంప మీద వాలింది. అక్క కళ్లు చికిలించినప్పుడల్లా కంటి పక్క ముడతలు మూసుకున్నాయి. తెర మీద చూసిన తెల్లగీతలు అవే. ఒక్కసారైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటుందేమో అని చిన్నది కనిపెట్టి చూసింది. పెట్టుకోలేదు. రెండు చేతులకీ వేరే పని ఉంది.

సగం దారిలో ఒక పెద్ద మలుపు దగ్గర, రోడ్డు పక్కన ఒకే ఒక్క రేకుల ఇల్లు ఉంది. వెనక లోయంతా కనిపిస్తుందని ఫోటోగ్రాఫరు అక్కడ ఆపమన్నాడు. దిగి రోడ్డు దాటి, ఆ ఇంటి దగ్గర నిలబడి కెమెరా పట్టాడు. అక్కడి నుంచి డ్రైవరు కిటికీ సూటిగా కనిపిస్తుంది. అక్కాచెల్లెళ్లు చోట్లు మార్చుకున్నారు. అయితే ఆ చోటు బాగా వాలు. చేతిబ్రేకు వేసినా పెద్దదానికి నమ్మకం కుదరలేదు. వెనక ఇంతమంది ఉన్నారు, సీటులో ఉన్నదేమో సైకిలు కూడా సరిగ్గా తొక్కలేని మనిషి. ఆవిడ సీటు పక్కన, ఇంజను మూత దగ్గర నేలమీద గొంతుక్కూర్చుని, ఒక చేత్తో చేతిబ్రేకు, ఇంకో చేత్తో అడుగునున్న కాలిబ్రేకు నొక్కి పట్టుకుంది. బయటి నుంచి చూసేవాళ్లకి ఆవిడ కనపడదు.

"కానీవే. నవ్వు" అంది కింద నుంచి.

చిన్నది స్టీరింగు మీద చేతులు వేసి కిటికీ వైపు తిరిగింది. ఎండ ఈడ్చి కొట్టినట్టు తగిలింది. కళ్లు మూతపడ్డాయి, నీళ్లు తిరిగాయి. ఫోటోగ్రాఫరు కళ్లు తెరవండి మేడమ్ అని పదే పదే అడిగాడు. చిన్నది తెరవడం, అవి మూసుకోవడం. ఒకసారి తెరిచినప్పుడు ఆ రేకుల ఇంటి గుమ్మంలో ఒక ముసలమ్మ కనిపించింది. చేతిసంచీ పట్టుకుని, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీలోకే పరీక్షగా చూస్తోంది. చూసి చూసి, సంచీ సర్దుకుని, లోపలికి వెళ్లిపోయింది. ఫోటోలంటే ఇష్టం లేదు కాబోలు అనుకుంది చిన్నది. చివరికి ఒక మబ్బు అడ్డం వస్తే గాని మంచి ఫోటో పడలేదు. దిగుదామని కిందికి చూస్తే, అక్క నుదుటి నిండా చెమట, మోచేతి దాకా దుమ్ము. ఇస్త్రీ చొక్కాలో తను పైనా, బ్రేకు పట్టుకుని అక్క కిందా. చిన్నది అక్కకి చెయ్యి అందించి లేపింది.

*

కొండ మీద దించవలసినవాళ్లని దించి, ఎక్కవలసినవాళ్లని ఎక్కించుకుని బస్సు తిరుగుదారి పట్టింది. చిన్నది ఇంకా ఆ చొక్కాలోనే ఉంది. పిన్నీసులు సీటుకి తగిలి గుచ్చుకుంటుంటే నిటారుగా కూర్చుంది. రేకుల ఇల్లు ఉన్న మలుపు దగ్గరకి వచ్చేసరికి పెద్దది బస్సు ఆపింది. అక్కడ స్టాపు లేదు. బోర్డు లేదు, నీడ లేదు. పెద్దది హారను కొట్టింది. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టింది. వెనక నుంచి, పోదాం పదండమ్మా అని ఎవరో సణిగారు.

"ముసలమ్మ రాలేదేమిటే. ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటుంది" అని పెద్దది ఆదుర్దాగా అద్దంలోకి చూసింది. "నువ్వొకసారి వెళ్లి చూడు. ఒంట్లో బాగుందో లేదో."

చిన్నది దిగి వెళ్లింది. తలుపు తీసే ఉంది. ముసలమ్మ నేలమీద కూర్చుని సంచీలోంచి ఉతికిన పంచె, తువ్వాలు, మూత బిగించిన గిన్నె ఒక్కొక్కటే తీసి బయటపెడుతోంది. చిన్నదాన్ని, చొక్కాని చూసి కంగారుగా లేవబోయింది.

"నువ్వు కొత్త డ్రైవరువి కదూ. ఆపావా? మీరెవరూ ఆపరుగా ఇక్కడ."

నేను డ్రైవర్ని కాదమ్మా, ఆవిడ చెల్లెల్ని, ఆవిడే బస్సులో ఉంది, మీకోసం ఆపింది అని చిన్నది చెప్పింది. ముసలమ్మకి ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. అప్పుడు తేరుకుని చెప్పుకొచ్చింది. కింద ఊరి ఆసుపత్రిలో ఆమె ముసలాయన ఉన్నాడు. ఇంకొకరి చేత్తో పెడితే ముద్ద మింగడు. అందుకని రోజూ వెళుతుంది. బస్సు మీది రాతలు ఆమెకి చదవడం రాదు. ఇక్కడ స్టాపు లేదు కాబట్టి ఒక్క డ్రైవరమ్మ తప్ప ఎవరూ ఆపరు. పొద్దున్న బస్సు కొండెక్కేటప్పుడు డ్రైవరు కిటికీ ఇటువైపే ఉంటుంది. గుమ్మంలో నిలబడి ఆ కిటికీలో మొహం చూస్తుంది. డ్రైవరమ్మ అయితే దిగేటప్పుడు ఆగుతుంది, సంచీ సర్దుకుని గేటు దగ్గరకి పోవాలి. ఇంకెవరైనా అయితే ఆరోజుకి ప్రయాణం లేదు.

"పొద్దున వచ్చి చూశాను తల్లీ. బండి అదే. మొహమే వేరు. ఇవాళ ముసలాయన పస్తే అనుకుని విప్పేస్తున్నాను."

"మేం కవలలం అవ్వా. మా ఇద్దరి మొహం ఒక్కటే కదా" అంది చిన్నది. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనకే సిగ్గేసింది.

ముసలమ్మ ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకి తిప్పింది. అటూ ఇటూ చూసింది. ముసలి వేళ్లు చెంప మీద నెమ్మదిగా దేనికోసమో తడిమాయి.

"ఎలా ఒక్కటవుతుంది? ఆ చెంప ఏదీ? అంత దూరం నుంచి నాకు కళ్లూ ముక్కూ ఏం కనిపిస్తాయి. ఆ మచ్చలే కనిపిస్తాయి. కంటి పక్కన పెద్ద మచ్చ ఒకటుంటుంది చూడు, అది కనిపించిందంటే ముసలాయనకి అన్నం ఉన్నట్టే."

చిన్నది గిన్నె, తువ్వాలు, పంచె తనే మళ్లీ సంచీలో సర్దింది. వంగినప్పుడు వీపు మీద ఒక పిన్నీసు ఊడి గుచ్చుకుంది. మచ్చలు పోగొట్టడమే పనిగా ఇన్నేళ్లు గాజు అరల వెనక నిలబడ్డ మనిషి ఆమె. ఒక మచ్చ మలుపు అవతలి నుంచి ఒకరికి అన్నం కబురు చెబుతుందని ఏ సీసా మీదా రాసి లేదు. మేనేజరూ, యజమానురాలూ, చివరికి తనూ, కళ్లున్న అందరూ ఒక్కటే అన్న రెండు మొహాల్ని, చూపు ఆనని ఈ ముసలమ్మ ఒక్కతే వేరుచేసి చూసింది.

బస్సు ఎక్కగానే ముసలమ్మ నేరుగా డ్రైవరు సీటు దాకా వెళ్లి, ముందుకి వంగి ఆ చెంపని చూసుకుని, హమ్మయ్య అని వెనక కూర్చుంది. ఏమైందే అని పెద్దది అడిగింది. చిన్నది, బస్సులో అందరూ చూస్తుండగానే నీలం చొక్కా విప్పి, పిన్నీసులన్నీ తీసేసి, మడతపెట్టి అక్క ఒళ్లో పెట్టింది. అడుగున తన మామూలు బట్టలే ఉన్నాయి. ఫోటోగ్రాఫరు వైపు తిరిగింది.

"మీరు పొద్దున తీసినవి ఎవరికీ ఇవ్వకండి. నా మొహం వాడుకోవడానికి నేను ఒప్పుకోవడం లేదు. మేనేజరుగారికి నేనే చెబుతాను."

ఫోటోగ్రాఫరు ముసలమ్మ మాటలు వినలేదు. అయినా చొక్కాని, పిన్నీసుల్ని, ముసలమ్మని, అద్దంలో పెద్దదాని కళ్లని ఒకదాని తర్వాత ఒకటి చూసి, కెమెరా సంచీ జిప్పు మూశాడు. మొదటిరోజు తీసినవి నా దగ్గర భద్రంగా ఉన్నాయి మేడమ్, అవే బాగా వచ్చాయి, అప్పుడే చెప్పాను వినలేదు అన్నాడు. దారిపొడుగునా చిన్నది జరిగిందంతా అక్క చెవిలో చెప్పింది. పెద్దది మధ్యలో ఒక్కసారి కూడా రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఒక మలుపు దగ్గర మాత్రం భుజంతో చెంప తుడుచుకుంది. అది ఎండ వల్ల కాదు, అటువైపు ఎండ లేదు.

*

మేనేజరు గింజుకున్నాడు. ఇంత చేశాక ఇప్పుడు కాదంటే ఎలా అన్నాడు. చిన్నది జన్మలో మొదటిసారి ఒక బల్లకి ఇవతలి వైపు నిలబడి కాదు అని చెప్పింది, రెండోసారి అడిగితే రెండోసారి కూడా చెప్పింది. అచ్చుకి పంపవలసిన గడువు ముంచుకొచ్చేసరికి ఆయన తిట్టుకుంటూ మొదటి ఫోటోనే పంపాడు. కనీసం కాస్త లేతగా చెయ్యమని ఫోటోగ్రాఫరుకి చెప్పాడట. చేస్తానని ఆ మహానుభావుడు నిమ్మకి నీరెత్తినట్టు ఊరుకున్నాడు.

దుకాణంలో గాజు అర మీది రెండు బొమ్మల్నీ కూడా చిన్నది తీసేసింది. యజమానురాలు చూసింది. కోప్పడదామా, పని తెలిసిన మనిషి పోతే మళ్లీ దొరుకుతుందా అని కాసేపు తనలో తను బేరమాడుకుని, తల దించుకుని చిల్లర సర్దుకుంది. తర్వాత వచ్చిన ఒకావిడ మీరేం వాడతారండీ అని అడిగితే చిన్నది, నేను ఎండలోకే పోనండీ అని నిజం చెప్పింది. ఆవిడ నమ్మలేదు. రెండు సీసాలు కొనుక్కుని పోయింది.

సెలవునాడు పొద్దున్న పెద్దది పెరటి గట్టు మీద కూర్చుని, "ఇంతకీ నా మందేదే?" అంది.

"ఇంకా కావాలా?" చిన్నది ఆశ్చర్యపోయింది.

"ఎందుకొద్దు? ఫోటో కోసమని కాదు. సాయంత్రానికి ఈ చెంపంతా మంట. ఆపైన నాకూ ఉంటుంది కదే, అద్దంలో రెండు వైపులా నేనే కనపడాలని. ముసలమ్మకి పనికొస్తాయని ఒళ్లంతా మచ్చలు పెంచుకోనా?"

చిన్నది నవ్వి లోపలికి వెళ్లింది. ఈసారి వరస పెట్టలేదు. ఆలోచించి రెండే తెచ్చింది, పొద్దుటికి సీరం ఒకటి, బస్సుకి తీసుకుపోయే ఎండ క్రీము ఒకటి. అక్క ముందు పీట వేసుకుని కూర్చుంది. సీరం చుక్కలు అరచేతిలో వేసుకుని, వేలి కొసతో కణత దగ్గర మొదలుపెట్టింది. ఇంత దగ్గర నుంచి, ఇంత నెమ్మదిగా ఆ చెంపని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. ఒక్కో మచ్చ మీదా వేలు ఆగి ఆగి వెళ్లింది. ఎక్కడ ఏ మలుపుదో, ఏ వేసవిదో. ఏ చెయ్యీ అడ్డం పెట్టుకోకుండా మోసిన ఎండంతా అక్కడుంది. ఊరంతటినీ కొండ ఎక్కించి దించిన మొహం ఇది, నా చేతిలో ఉంది అనుకుంది.

"పోతాయంటావా?" కళ్లు మూసుకునే అడిగింది పెద్దది.

"కొన్ని లేతబడతాయి. కొన్ని పోతాయి. మొండివి ఉంటాయి."

కంటి చివరకి వచ్చేసరికి చింతగింజంత మచ్చ దగ్గర వేలు ఆగింది. చిన్నది దాని చుట్టూ జాగ్రత్తగా గుండ్రంగా రాసి, దాన్ని తాకకుండా అవతలి వైపుకి దాటింది. పెద్దది ఒక కన్ను తెరిచింది.

"ఒకటి వదిలేశావు."

"అది నీది కాదక్కా" అంది చిన్నది. "దాన్ని చూసి అక్కడ ఒకాయన అన్నం తింటాడు."

పెద్దది తెరిచిన కన్ను మూసుకుంది. కంటి పక్కన ముడతలు దగ్గరపడ్డాయి, తెల్లగీతలన్నీ లోపల దాక్కున్నాయి. అప్పుడు చిన్నది ఎండ క్రీము మూత తీసి, ఈసారి ఏదీ వదలకుండా, ఆ మచ్చ మీద కూడా మెత్తగా రాసింది.